రెండో షిఫ్టు దువ్వెన

ఆ ప్రోగ్రాముకు ఐదు సంగతులు చెప్పాలి. ఫైలు పేరు, అందులో ఎన్నో కాలమ్ చూడాలో ఆ సంఖ్య, కింది హద్దు, పై హద్దు, ఆ రెండు హద్దుల మధ్య ఎన్ని డబ్బాలు కావాలో ఆ లెక్క. ఐదూ ఒకే వరుసలో, మధ్యమధ్య ఖాళీ వదిలి టైపు చేసి మీట నొక్కాలి. యంత్రం ఆ కాలమ్‌లోని అంకెల్ని ఒక్కొక్కటిగా తీసి, ఏది ఏ డబ్బాలో పడాలో అందులో వేసి, చివరికి డబ్బాకొక వరుస చొప్పున చుక్కలు గీసేది. ఎక్కువ అంకెలు పడిన డబ్బాకు పొడుగు వరుస, తక్కువ పడినదానికి పొట్టి వరుస. దీన్ని హిస్టోగ్రామ్ అంటారని పాలిటెక్నిక్‌లో చదువుకున్నాను. అక్కడ గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో ఒక్కటి గీయడానికి మధ్యాహ్నమంతా పట్టేది. ఇక్కడ నేను కుర్చీలో సర్దుకునేలోపే తెర మీద ఆకుపచ్చ చుక్కలు వచ్చేసేవి. ఆ వేగం చూసి నాకు గర్వంగా ఉండేది. తర్వాత జరిగినదానికి ఆ గర్వం కూడా ఒక కారణమే.

ఎనభైల మధ్యలో సంగతి. చాంద్రాయణగుట్ట దాటాక దక్షిణంగా పోయే రోడ్డు మీద ఒక ప్రభుత్వ కర్మాగారం. అందులో నాణ్యత విభాగానికి కొత్తగా కంప్యూటరు గది కట్టారు. కిటికీలు లేవు, చెప్పులు గుమ్మం బయట విడవాలి, ఎండాకాలంలో కూడా లోపల స్వెటరు కావాలి. నన్ను అందులో ఆరు నెలలకు తాత్కాలికంగా తీసుకున్నారు. సరుకు తయారయ్యే షాపు నుంచి వచ్చే కొలతల కార్డుల్ని ఫైల్లోకి ఎక్కించడం, ఎక్కించింది సరిచూడడం, అడిగిన పట్టికలు తీయడం, సాయంత్రం టేపు మీద నకలు పెట్టడం నా పనులు. ఆరు నెలల తర్వాత ఉంచుతారా పంపిస్తారా అన్నది నాణ్యత మేనేజరు చేతిలో ఉంది. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. మిగిలిన రోజుల్ని జేబు పుస్తకంలో ఒక్కొక్కటే కొట్టేస్తూ ఉండేవాణ్ణి.

గదిలో నాతో పాటు ఇంకొకరే ఉండేవారు, బార్కస్ నుంచి వచ్చే ఆపరేటరు. నాకన్నా పదేళ్ళు పెద్ద. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. జామకాయల కాలంలో సంచి నిండా తెచ్చేవాడు. యంత్రం దగ్గర తినకూడదు కాబట్టి ఇద్దరం గుమ్మం బయట చెప్పుల పక్కన నిలబడి తినేవాళ్ళం.

ఉప్పుగూడలో మా ఇంటి గోడకు అవతలి ఇల్లు, అదే కర్మాగారంలో రెండో షిఫ్టు ఇన్‌స్పెక్టరుది. చుట్టరికం ఏమీ లేదు గాని చిన్నప్పటి నుంచీ ఆయన్ని కాకా అనే పిలిచాను. ఈ ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు కాగితం తెచ్చి ఇచ్చింది ఆయనే. మధ్యాహ్నం మూడింటికి ఆయన షిఫ్టు మొదలు. నేను ఐదున్నరకు ఇంటికి బయల్దేరేవాణ్ణి. అందుకే ఒకే చోట పనిచేస్తున్నా మేం ఎదురుపడేది ఉదయం పూట, గోడ దగ్గరే.

అక్కడ ప్రతి ఇన్‌స్పెక్టరుకూ ఒక ఉక్కు ముద్ర ఉండేది. చిటికెన వేలంత పొడవు, చివర ఒక అంకె. కొలిచి సరిపోయిందనుకున్న ప్రతి ముక్క మీదా ఆ ముద్ర పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేసేవారు. కాక ముద్ర మీద పదిహేడు ఉండేది. ఆ అంకె పడితేనే ముక్క బయటికి పోతుంది. ముద్ర తీసేసుకున్నారంటే ఉద్యోగం పూర్తిగా పోదు, గాని ఇన్‌స్పెక్టరు కాడు. ముక్కల్ని డబ్బాల్లోకి ఎత్తిపోసే పనికి పంపుతారు. అంతకు ముందు ఒకరికి అలా జరిగింది. ఆయన మూడు నెలలు కూడా ఉండలేక మానేశాడని చెప్పుకునేవారు.

ఒక సోమవారం మేనేజరు గదిలోకి వచ్చాడు, చెప్పులు విడవకుండానే. ఉక్కు బుష్షులు ఒక పెట్టెడు వెనక్కి తిరిగొచ్చాయట. బుష్షు అంటే చిన్న గొట్టం ముక్క. పొడవు నలభై మిల్లీమీటర్లు ఉండాలి, ఇరవై వందోవంతుల తేడా అటో ఇటో ఉంటే పరవాలేదు. తిరిగొచ్చినవి అంతకన్నా పొడుగున్నాయి, వాటి మీద రెండు షిఫ్టుల ముద్రలూ ఉన్నాయి. మరి ముద్ర పడి ఎలా బయటికి పోయాయి?

"రెండు షిఫ్టుల కొలతలూ విడివిడిగా తియ్యి. రేపు పొద్దున్నకి నాకు బొమ్మ కావాలి. అంకెలు వద్దు, అంకెలు చూసే టైము లేదు నాకు. బొమ్మ," అన్నాడు.

కార్డుల ఫైలులో ఐదు కాలమ్‌లు ఉండేవి: తేదీ, షిఫ్టు, ముద్ర నంబరు, ముక్క నంబరు, పొడవు. రెండో కాలమ్ చూసి ఫైలును రెండు ముక్కలు చేశాను. తర్వాత ప్రోగ్రాముకు ఐదు సంగతులు చెప్పాను. కాలమ్ ఐదు. కింది హద్దు ముప్ఫైతొమ్మిది పాయింటు ఏడు సున్నా. పై హద్దు నలభై పాయింటు మూడు సున్నా. డబ్బాలు ఇరవై.

ఎందుకు ఇరవై? తెర మీద ఇరవైనాలుగు వరుసలు పడతాయి. పైన శీర్షిక, దాని కింద ఒక ఖాళీ వరుస, చివర మొత్తం, మళ్ళీ టైపు చేయడానికి ఒక వరుస, అన్నీ పోను ఇరవై. బొమ్మంతా ఒక్క తెరలో కనిపిస్తుంది, పైకి జారిపోదు. మేనేజరు గారికి మెడ వంచే అవసరం లేకుండా చేశానని సంబరపడ్డాను. నేను ఆలోచించింది అంతే.

మొదటి షిఫ్టు బొమ్మ చక్కగా వచ్చింది. నలభై దగ్గర ఎత్తుగా, రెండు పక్కలకూ మెల్లగా దిగుతూ, గుట్టలాగా. రెండో షిఫ్టుది చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఒక వరుస పొడుగు, దాని పక్కది పొట్టి, మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి. గుట్ట ఆకారం ఉందిగాని అంచంతా పళ్ళు పళ్ళుగా ఉంది. ఏదో తప్పు టైపు చేశాననుకుని మళ్ళీ నడిపాను. అదే వచ్చింది. మూడోసారీ అదే.

మంగళవారం పొద్దున మేనేజరు తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదేంటయ్యా, దువ్వెనలా ఉంది?"

"రెండో షిఫ్టు సార్."

"అది నాకూ కనిపిస్తోంది. ఇలా ఎందుకుందీ అని."

"తెలీదు సార్. మూడుసార్లు నడిపాను."

"ప్రోగ్రాములో తప్పుందా?"

ఆ ఒక్క ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "లేదు సార్. మొదటి షిఫ్టుది సరిగ్గానే వచ్చింది కదా," అన్నాను. అబద్ధం కాదు. ప్రోగ్రాములో తప్పు లేదు.

ఆయన పెన్ను మూతతో తెర మీద పళ్ళను ఒక్కొక్కటే తడుతూ, "ముక్కలు కొలిస్తే గుట్టలా వస్తుంది. కుర్చీలో కూర్చుని మనసుకి తోచిన అంకె రాస్తే ఇలా వస్తుంది. మనిషికి కొన్ని అంకెలంటే ఇష్టం ఉంటుంది, అవే మళ్ళీ మళ్ళీ రాస్తాడు. రెండో షిఫ్టులో బుష్షులు చూసేది పదిహేడో నంబరేగా?" అన్నాడు.

"అవును సార్."

"ఈ రెండూ ప్రింటు తీసి పంపు."

ప్రింటరు ఆ బొమ్మల్ని గీస్తున్నంతసేపూ ఆ పళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. కాక ముక్కల్ని కొలవకుండా అంకెలు రాస్తాడా? రాయడని నాకు తెలుసు. మరి ఆ పళ్ళు ఎక్కడివి?

బుధవారం మధ్యాహ్నం ఆపరేటరు భోజనం నుంచి వస్తూనే గుమ్మం దగ్గర ఆగి నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు.

"క్యా మియా, ఏం బొమ్మ గీసినవ్ నువ్వు? క్యాంటీన్ల అంత అదే లొల్లి. పదిహేడు నంబరోడు కొలుస్తలేడంట, కంప్యూటర్ పట్టుకున్నదంట."

"ఎవరన్నరు?"

"ఎవరనలే చెప్పు! శుక్రవారం మూడు గంటలకు షిఫ్టుకు వస్తె ఇంక ముద్ర ఇయ్యరంట. మెమో టైపింగుల ఉన్నది. మా ఇంటి పక్క టైపిస్టు చెప్పిండు." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "అరే, నీ మొఖమేంది గట్లయింది? నీకు తెలిసినోడా?"

"మా గోడ పక్కిల్లు."

"యా అల్లా," అన్నాడు. చేతిలో ఉన్న జామకాయ సగం కొరికి, మిగతాది తినబుద్ధి కాక కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున గోడ అవతల కాక పళ్ళు తోముకుంటున్న చప్పుడు వినిపించింది. రోజూ ఆ టైముకు నేను అటు పోయి ఒక మాట అనేవాణ్ణి. ఆ రోజు నీళ్ళ తొట్టి వెనకే నిలబడ్డాను. ఆయనే పిలిచాడు.

"ఏందిరా, రెండు దినాలాయె కనవడ్తలేవు. కంప్యూటరు గింత బిజీ చేసిందా నిన్ను?"

"లే కాకా, పని ఎక్కువుంది."

"పనుంటే మంచిదే. పర్మినెంటు జేస్తరు." నోరు పుక్కిలించి ఉమ్మాడు. "ఏదో బొమ్మ తీసిన్రట గదా మా బుష్షులది. మొన్న మేనేజరు నా కార్డులన్ని తెప్పిచ్చుకున్నడట. నీకేమన్న ఎరుకేనా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. "నాకేం ఎరుకలే కాకా, నేను ఉత్త టైపు జేసుడే," అన్నాను. సైకిలు తీసుకుని గేటు దాటేదాకా ఆయన నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆఫీసుకు పోగానే అంతవరకూ చేయని పని చేశాను. బొమ్మ వదిలేసి అంకెల్ని చూశాను. రెండో షిఫ్టు ఫైలును తెర మీదికి తెచ్చి ఐదో కాలమ్‌ను పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాను. నలభై పాయింటు సున్నా రెండు. ముప్ఫైతొమ్మిది పాయింటు తొమ్మిది ఎనిమిది. నలభై పాయింటు సున్నా నాలుగు. నలభై. నలభై పాయింటు సున్నా ఆరు. రెండు తెరలు చదివాక ఆగి, మళ్ళీ మొదటి నుంచి చూశాను. చివరి స్థానంలో ఒక్క బేసి అంకె లేదు. ఎక్కడా మూడు లేదు, ఐదు లేదు, ఏడు లేదు. ఫైలు చివరి దాకా చూశాను. అన్నీ సరి అంకెలే.

మొదటి షిఫ్టు ఫైల్లో అన్ని అంకెలూ ఉన్నాయి.

మేనేజరు అన్నది నిజమేననిపించింది. ముక్కల పొడవులకు సరి, బేసి తేడా తెలియదు కదా. వందల ముక్కల్లో ఒక్కటైనా బేసి అంకె దగ్గర ఆగకుండా ఉంటుందా? నేను ఆ ఫైలు మూసేసి, ఎవరూ చూడలేదు కదా అని తలుపు వైపు చూశాను. ఇది మేనేజరుకు తెలిస్తే ఇంక మాట ఉండదు. తెలియకపోయినా రేపు మూడింటికి ముద్ర పోతుంది. నేను చేయగలిగినవి జేబు పుస్తకంలో రాసుకున్నాను: ఊరుకోవడం, మేనేజరుకు చెప్పడం, కాకను అడగడం. మొదటిది రాసి కొట్టేశాను. రెండోది రాసి కొట్టేశాను. మూడోదాని పక్కన ఏమీ రాయలేకపోయాను.

సాయంత్రం ఐదున్నరకు గేటు వైపు పోకుండా షాపులోకి నడిచాను. మొదటిసారి వెళ్ళడం. కార్డులు నా దగ్గరికి వచ్చేవి గాని, అవి ఎక్కడ రాస్తారో నాలుగు నెలల్లో ఒక్కసారీ చూడలేదు. నూనె వాసన, లేత్‌ల చప్పుడు. చివర ఒక బల్ల, దాని మీద దీపం, పక్కన బుష్షుల ట్రే. కాక కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఒక ముక్కను కొలుస్తున్నాడు. బుష్షును కొలిచే సాధనం దవడల మధ్య పట్టి, దీపం వైపు తిప్పి, పెదవులు కదిలిస్తూ గీతలు చదివి, కార్డు మీద రాసి, ముద్ర పెట్టి సుత్తితో కొట్టాడు. ఇంకొకటి తీశాడు. కుర్చీ ఉందిగాని దాని మీద కార్డులే ఉన్నాయి. ఆయన నిలబడే పని చేస్తున్నాడు.

నన్ను చూసి, "ఏంరా బిడ్డా, తొవ్వ తప్పినవా?" అన్నాడు.

నేను ఆయన చేతిలో ఉన్నదానివైపే చూస్తున్నాను. అది బుష్షులకు వాడాల్సిన మైక్రోమీటరు కాదు. అంతకన్నా ముతకగా కొలిచే వెర్నియర్ కాలిపరు.

"కాకా, దీన్తోటి కొలుస్తవా నువ్వు?"

"మరి దేన్తోటి కొలుస్త? కండ్లతోటా?"

"మైక్రోమీటరు ఏమాయె?"

"మైక్రోమీటరు స్టోర్ల ఉంటది. స్టోరోడు ఐదు గంటలకు తాళం ఏస్తడు. దిన షిఫ్టోళ్ళు మూడు గంటలకే దాన్ని స్టోరుకు జమ జేసి పోతరు. మూడింటి నుంచి ఐదింటి దాక నాకిస్తె ఐదింటికి వాపస్ ఇయ్యాలె. రెండు గంటల కోసం ఎవడు తిరుగుతడు స్టోరు చుట్టు? గందుకే మొదటిసంది నేను దీన్తోనే కొలుస్త."

వెర్నియర్‌ను ఆయన చేతిలోంచి తీసుకుని దీపం కింద పెట్టాను. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం పాఠం. దాని మీద ఒక్కో గీతకు రెండు వందోవంతులు. అంతకన్నా చిన్న తేడాను అది చూపించలేదు. దాంతో ఎవరు కొలిచినా, ఎంత నిజాయితీగా కొలిచినా, సరి అంకెలే వస్తాయి.

జేబు పుస్తకం తీసి బల్ల మీదే లెక్క వేశాను. ముప్ఫైతొమ్మిది పాయింటు ఏడు నుంచి నలభై పాయింటు మూడు దాకా అరవై వందోవంతులు. దాన్ని ఇరవై డబ్బాలు చేస్తే డబ్బాకు మూడు. మొదటి షిఫ్టు మైక్రోమీటరు ఒక్కో వందోవంతూ చదువుతుంది, కాబట్టి ప్రతి డబ్బాలోకీ మూడేసి కొలతలు పడతాయి. కాక వెర్నియర్‌తో అయితే మొదటి డబ్బాలోకి సున్నా, రెండు. రెండో డబ్బాలోకి నాలుగు ఒక్కటే. మూడో డబ్బాలోకి ఆరు, ఎనిమిది. నాలుగో డబ్బాలోకి పది ఒక్కటే. రెండు, ఒకటి, రెండు, ఒకటి. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి.

ఆ పళ్ళు కాక రాసినవి కావు. తెరకు ఇరవైనాలుగు వరుసలే ఉన్నాయని నేను పెట్టినవి.

మొత్తం చెప్పాను. బొమ్మ సంగతి, మేనేజరు అన్న మాట, రేపు మూడింటికి ముద్ర ఇవ్వరన్నది, పొద్దున గోడ దగ్గర నేను ఆడిన అబద్ధం. లేత్‌ల చప్పుడులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కాక సుత్తిని బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"మంగళారమే ఎరుకనా నీకు?"

"బొమ్మ ఎరుక. ఎందుకట్ల వచ్చిందో ఎరుకలే."

"ఎరుకలేకుంటె అడగొద్దారా? నడుమ ఒక్క గోడనే ఉండె గదా. ఏం కాకా, దేన్తోటి కొలుస్తున్నవ్, అని ఒక్క మాట. నీ కంప్యూటరును మూడుసార్లు అడిగినవ్, నన్ను ఒక్కసారి అడగలే."

అంతలో నాకు ఇంకొక భయం పట్టుకుంది. బల్ల పైన గోడకు ఒక కాగితం వేలాడుతోంది. బుష్షులను ఎలా తనిఖీ చేయాలో అందులో ఉంది. మూడో వరుసలో 'మైక్రోమీటరుతో కొలవవలెను' అని టైపు చేసి ఉంది. పళ్ళు ఎందుకు వచ్చాయో మేనేజరుకు చెప్పాలంటే, కాక వెర్నియర్ వాడుతున్నాడని చెప్పాలి. అంటే ఒక నేరం నుంచి తప్పించి ఇంకొకదాంట్లో ఇరికించడమే. ఆ కాగితం వైపు చూపించాను.

కాక కళ్ళద్దాలు తీసి లుంగీకి తుడుచుకోబోయి, ఒంటి మీద ఉన్నది ఖాకీ ప్యాంటని గుర్తొచ్చి, చొక్కాకు తుడుచుకున్నాడు.

"చెప్పు. నేను వెర్నియర్ తోనే కొలుస్తున్న అని చెప్పు. స్టోరు ఐదు గంటలకు మూస్తరని గూడ చెప్పు. రెండో షిఫ్టుకు ఇంకో మైక్రోమీటరు కావాలని మూడుసార్లు రాసిచ్చిన. కార్బన్ కాపీలు మా ఇంట్ల రేకు పెట్టెల ఉన్నయి. ఆఫీసోళ్ళు తీసుకున్నట్టు సంతకం ఉన్నది మూడింటి మీద. పొద్దుగాల వచ్చి తీస్కపో."

"నువ్వే తీస్కరారాదు కాకా?"

"నేను మూడింటికి వస్త. గప్పటికి మెమో చేతుల వెడ్తరు. గంతకు ముందుగాల పోవాల్సింది నువ్వు." మళ్ళీ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "నీ ఉద్యోగం ఏమైతదో నాకెరుకలే. నాది ఏమైతదో నీకెరుక. పో."

శుక్రవారం పొద్దున కార్బన్ కాపీలు చొక్కా లోపల పెట్టుకుని సైకిలు తొక్కాను. చెమటకు తడుస్తాయేమోనని చాంద్రాయణగుట్ట దగ్గర ఆగి, టిఫిన్ క్యారియరు సంచిలోకి మార్చాను. మళ్ళీ నూనె అంటుతుందేమోనని చొక్కాలోకే మార్చాను.

ఆపరేటరు నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. అతనికి చెప్పి, ప్రోగ్రాముకు మళ్ళీ ఐదు సంగతులు టైపు చేశాను. నాలుగు అవే. ఐదోది ముప్ఫై. అరవై వందోవంతులు ముప్ఫై డబ్బాలైతే డబ్బాకు రెండు. వెర్నియర్ కొలత డబ్బాకొకటి, మైక్రోమీటరు కొలతలు డబ్బాకు రెండు, రెండిటికీ సమంగానే ఉంటుంది. బొమ్మ పై భాగం తెర దాటి పైకి జారిపోయింది. మిగిలింది చూస్తూనే ఆపరేటరు నా భుజం మీద కొట్టాడు.

"దేఖో, పండ్లు ఊడిపోయినయి! ముసలోని నోరు లెక్క సాఫ్!"

"భాయ్, నవ్వకు. ఇంక సార్‌కు చెప్పుడున్నది."

"ఫికర్ నక్కో. ప్రింటు తీయ్, రెండు షిఫ్టులయి పక్క పక్కన. కాగితం ఎంత పొడుగైతె గంత కానీ. సార్ మెడ వంచనియ్."

మేనేజరు గదిలోకి నేను పోయేసరికి పదకొండు అయింది. ఆయన వేరే వాళ్ళతో మాట్లాడుతున్నాడు. పన్నెండింటికి మళ్ళీ పోయాను, బయటికి వెళ్ళాడన్నారు. భోజనానికి పోలేదు, ఆయన తలుపు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. ఒకటిన్నరకు వచ్చాడు. టైపిస్టు సంతకానికి పెట్టిన కాగితాల దొంతరలో పైనే మెమో కనిపించింది. తలకిందులుగానే పదిహేడు అంకె చదవగలిగాను.

కొత్త బొమ్మల్ని బల్ల మీద పరిచాను. ముందే రాసి పెట్టుకున్న కాగితం తీసి చదివాను, వరుసగా. డబ్బాల సంఖ్య నేనే నిర్ణయించాను. తెర వరుసలను బట్టి నిర్ణయించాను. కొలిచే సాధనాన్ని బట్టి నిర్ణయించాల్సింది. రెండు షిఫ్టుల్లో సాధనం వేరు. కార్డులో సాధనం రాసే కాలమ్ లేదు.

"అంటే నీ ప్రోగ్రాము తప్పు."

"ప్రోగ్రాము కాదు సార్. దానికి నేను చెప్పిన అంకె తప్పు."

"మంగళవారం తప్పు లేదన్నావు."

"నన్ను అడిగింది ప్రోగ్రాము గురించి సార్. నా గురించి నేను చెప్పుకోలేదు."

ఆ మాట పొగరుగా వినిపించిందేమోనని అనగానే భయమేసింది. ఆయన రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. గుట్టలు రెండూ దాదాపు కలిశాయి. తర్వాత, "వెర్నియర్ ఎవడు వాడమన్నాడు? మైక్రోమీటరని రాసి ఉంది కదా," అన్నాడు. నేను చొక్కాలోంచి కార్బన్ కాపీలు తీసి పెట్టాను. మూడూ చదివాడు. మూడోదాని కింద తన ఆఫీసులో తీసుకున్నట్టు ఉన్న సంతకం దగ్గర ఆగి, బొటనవేలితో దాన్ని రుద్దాడు, చెరిగిపోతుందేమో చూస్తున్నట్టు.

మెమోను దొంతరలోంచి తీసి, చింపకుండా, సొరుగులో పెట్టాడు.

"నువ్వు ఇప్పుడు చదివింది సంతకం పెట్టి ఇవ్వు. నీ ఫైల్లో ఉంటుంది."

"సరే సార్."

"వెళ్ళు."

సంతకం పెట్టి ఇచ్చాను. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. ముద్ర ఉంటుందా పోతుందా ఆయన చెప్పలేదు. సొరుగులో పెట్టిన కాగితాన్ని మళ్ళీ తీయడానికి ఎంతసేపు పడుతుంది? మూడింటి దాకా ఆ లెక్కే వేస్తూ కూర్చున్నాను.

మూడింటికి షాపులో కాక బల్ల దగ్గర నిలబడ్డాను. షిఫ్టు మారే వేళ, ముద్రలు ఉంచే చెక్కపెట్టెను సూపర్‌వైజరు తెరుస్తాడు. ఒక్కొక్కరు వచ్చి సంతకం చేసి తమది తీసుకుంటారు. కాక వరుసలో నాలుగోవాడు. ఆయన వంతు వచ్చేసరికి సూపర్‌వైజరు ఒక క్షణం ఆయన ముఖం చూశాడు, తర్వాత పదిహేడు నంబరు తీసి అరచేతిలో పెట్టాడు. కాక సంతకం చేసి, ముద్రను చొక్కా జేబులో వేసుకుని బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు.

"కాకా, ఇచ్చిన్రు గదా!" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"ఇయ్యాల ఇచ్చిన్రు," అన్నాడు.

పొడుగు బుష్షులు బయటికి ఎలా పోయాయో నాకు ఎన్నడూ తెలియలేదు. తర్వాతి నెలలో రెండో షిఫ్టుకు మైక్రోమీటరు వచ్చింది. నన్ను ఇంకో ఆరు నెలలకు మళ్ళీ తాత్కాలికంగానే ఉంచారు. కాని ఆ శుక్రవారం ఇంకొక పని జరిగింది.

నేను కంప్యూటరు గదికి తిరిగి పోబోతుంటే కాక ఆపాడు. ట్రేను నా వైపు జరిపి, వెర్నియర్ నా చేతిలో పెట్టాడు.

"కొల్వు."

"నేనా?"

"కార్డులు ఎక్కిస్తవ్ గదా దినాము. ఎట్ల రాస్తరో సూడొద్దా?"

బుష్షు ఇంకా వెచ్చగా ఉంది. దవడల మధ్య పట్టి స్క్రూ బిగించి దీపం కిందకి తెచ్చాను. గీతలు కలిసే చోటు చూడాలి. ఒక జత కలిసినట్టే ఉంది. తల కొంచెం కదిపితే దాని పక్క జత కలిసినట్టుంది. నలభై పాయింటు సున్నా ఆరు. లేదా సున్నా ఎనిమిది. దవడలు వదులు చేసి మళ్ళీ పట్టాను. మళ్ళీ అదే. నిజంగా ఆ ముక్క సున్నా ఏడు అయి ఉండాలి, గాని నా చేతిలో ఉన్నదానికి ఆ అంకె లేదు.

"ఏమొచ్చె?" అన్నాడు కాక. కార్డు ముందుకు జరిపి పెన్సిలు అందించాడు.

"రెండిట్ల ఏదో ఒకటి, కాకా. తెలుస్తలే."

"తెల్వది. ఎవనికీ తెల్వది. మరి ట్రేల ఇంక మూడు వందలున్నయి. రాయి."

గీతల వైపు ఇంకోసారి చూశాను. ఆయన పక్కనే నిలబడి ముద్రను ముక్క మీద పెట్టడానికి సిద్ధంగా పట్టుకున్నాడు. నేను సున్నా ఎనిమిది అని రాశాను.